కషాయం మంచిదే... ఎంతవరకు?

భవానీపురం: కృష్ణ ఒడ్డున, ప్రకాశం బ్యారేజీకి కాస్త ఎగువన ఉన్న ఈ పేటకు నీళ్లు కొత్త కాదు. ఒక పక్క నది, మరో పక్క కొద్ది దూరంలో బుడమేరు. 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో ఆ రెండూ ఒకేసారి పోటెత్తాయి. సెప్టెంబరు 2న బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు దిగువకు పోయింది. 1957లో బ్యారేజీ పూర్తయిన తరువాత అంత నీరు ఎన్నడూ పోలేదు. బుడమేరుకు గండ్లు పడి సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, విద్యాధరపురాలతో పాటు భవానీపురం కాలనీల్లోకీ నీరు వచ్చి నిలిచింది.

నీళ్లు తీసిన తరువాత అసలు కథ మొదలవుతుంది. ఏ వరదకైనా వరుస దాదాపు ఇదే. మొదట కాలివేళ్ల సందులు పాసిపోయి దురదలు. నాలుగైదు రోజులకు వాంతులు, విరేచనాలు. రెండు వారాలు తిరిగేసరికి నిలవ నీళ్లలో దోమలు పెరిగి జ్వరాలు. నెలా నెలన్నర గడిచాక అక్కడక్కడ పచ్చకామెర్లు. వరద లేని ఏడు కూడా తొలకరి నుంచి కార్తీకం దాకా డెల్టా పల్లెల్లో ఈ జబ్బులన్నీ కొద్దో గొప్పో తిరుగుతూనే ఉంటాయి.

జబ్బు రాగానే ఇంట్లో రెండు సలహాలు వినబడతాయి. ఒకటి పెద్దవాళ్లది: వాము నీళ్లు తాగించు, శొంఠి కషాయం పెట్టు, పసుపు రాయి. రెండోది వీధి చివర మందుల షాపుది: ఈ రెండు బిళ్లలు వేసుకోండి, తగ్గకపోతే రేపు కనబడండి. రెండింటిలోనూ పనికొచ్చేవి ఉన్నాయి, ప్రాణం మీదికి తెచ్చేవీ ఉన్నాయి. పెరటి మందు ఎంతవరకు, గోలీ ఎంతవరకు, ఆసుపత్రికి ఎప్పుడు అనే మూడు ముక్కలు తెలియకనే చిక్కంతా వస్తోంది. గొల్లపూడి, గుంటుపల్లి, ఇబ్రహీంపట్నం వైపు నుంచి భవానీపురం మీదుగా బెజవాడ పెద్దాసుపత్రికి దూరం కొద్ది మైళ్లే. ఆలస్యం జరిగేది రోడ్డు మీద కాదు, ఇంట్లోనే.

విరేచనాలకు లంకణమా?

విరేచనాలు పట్టుకున్న బిడ్డకు అన్నం, నీళ్లు ఆపేయడం మన పల్లెల్లో పాత అలవాటు. "లంకణం పరమౌషధం" అన్న మాట ఇక్కడ మాత్రం చెల్లదు. విరేచనాల్లో మనిషిని చంపేది క్రిమి కాదు, ఒంట్లోంచి పోయే నీరూ ఉప్పూ. పోయినదాన్ని పోయినట్టే తిరిగి పోస్తే క్రిమి దానంతటదే కడుపు ఖాళీ చేసి పోతుంది.

ఈ సంగతి ఎంత గొప్పదో 1971లో రుజువయింది. బంగ్లాదేశ్ యుద్ధం నాడు పశ్చిమ బెంగాల్ సరిహద్దులోని బనగాఁవ్ శరణార్థి శిబిరంలో కలరా చెలరేగింది. నరానికి ఎక్కించే సెలైన్ సీసాలు అయిపోయాయి. అక్కడ పనిచేస్తున్న డాక్టర్ దిలీప్ మహలనబిస్ గ్లూకోజు, ఉప్పు, వంటసోడా కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పోయించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. అంతకుముందు నూటికి ముప్పయి మంది దాకా చనిపోతున్న చోట మరణాలు నూటికి నాలుగు లోపుకు దిగాయి. నేడు మందుల షాపులో కొన్ని రూపాయలకు దొరికే ఓఆర్ఎస్ పొట్లం వెనక ఉన్న చరిత్ర అది. ఆయన 2022లో కన్నుమూశాక ప్రభుత్వం పద్మవిభూషణ్ ప్రకటించింది.

చక్కెర, ఉప్పు కలిస్తేనే పేగు నీటిని పీల్చుకుంటుంది. ఇందులో కిటుకు అదే. ఉత్త మంచినీళ్లు తాగించినా, ఉత్త చక్కెర నీళ్లు పోసినా ఆ పని జరగదు. చక్కెర మరీ ఎక్కువైతే పేగులోకి ఎదురు నీరు లాగి విరేచనాలు పెరుగుతాయి. కూల్‌డ్రింకు పట్టించరాదనేది ఇందుకే. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6 గ్రాములు, పొటాషియం క్లోరైడు 1.5 గ్రాములు, సిట్రేటు 2.9 గ్రాములు ఉండాలి. పెద్ద పొట్లాన్ని లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. చిన్న పొట్లాలు 200 మిల్లీలీటర్లకు సరిపోయేవి కూడా వస్తున్నాయి కనుక మీద రాసింది చదివి కలపాలి. పొట్లంలో సగం సగం వేసుకోవడం, పాలలో కలపడం పనికిరాదు. కలిపిన నీళ్లు ఒక రోజు దాటితే పారబోయాలి.

ఇక్కడ ఒక మోసం సంగతి చెప్పుకోవాలి. ఓఆర్ఎస్ అన్న మూడక్షరాలను పెద్దగా అచ్చేసి, పళ్లరసంలాంటి తియ్యటి పానీయాలను అట్టపెట్టెల్లో మందుల షాపుల్లోనే అమ్మేవారు. వాటిలో చక్కెర అసలు ఓఆర్ఎస్‌లో ఉండే దానికి ఎన్నో రెట్లు. హైదరాబాదుకు చెందిన పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి దీనిపై పోరాడారు, హైకోర్టుకు కూడా వెళ్లారు. చివరకు 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ, ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రానికి సరిపడని పానీయాల మీద ఆ పేరు వాడరాదని ఆదేశించింది. కొనేవారు పొట్లం మీద ఆ సూత్రం అచ్చయిందో లేదో చూసుకోవడం మంచిది.

పొట్లం దొరకని చోట? పెరటి వైద్యం నిజంగా గెలిచేది ఇక్కడే. ఉప్పేసిన గంజి, ఉప్పు కలిపిన పలచటి మజ్జిగ, పప్పు కట్టు, కొబ్బరినీళ్లు అన్నీ పనికొస్తాయి. అదీ కాదంటే కాచి చల్లార్చిన లీటరు నీటిలో తలగొట్టిన ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు. ఉప్పు అంతకు మించితే పసిబిడ్డకు ప్రమాదం. రుచి చూస్తే కన్నీటి కంటే ఉప్పగా ఉండకూడదు. విరేచనం అయిన ప్రతిసారీ రెండేళ్ల లోపు బిడ్డకు 50 నుంచి 100 మిల్లీలీటర్లు, అంతకు పెద్దపిల్లలకు 100 నుంచి 200 చెంచాతో కొద్దికొద్దిగా పట్టాలి. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలు పెట్టాలి. తల్లిపాలు ఆపరాదు. అన్నం, పెరుగు, అరటిపండు తినగలిగినంత పెట్టాలి.

ఓఆర్ఎస్‌తో పాటు పిల్లలకు జింకు బిళ్లలు 14 రోజులు వేస్తారు. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకు చిన్న బిడ్డకు 10. ఈ విడత త్వరగా తగ్గడానికీ, తరువాతి నెలల్లో మళ్లీ రాకుండా ఉండడానికీ ఇవి తోడ్పడతాయి. ఆశా కార్యకర్త దగ్గర, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడిగితే ఇస్తారు. అడగనివారే ఎక్కువ.

విరేచనాలు కట్టే బిళ్లలు పిల్లలకు వేయకూడదు. పేగు కదలిక ఆగి లోపలి విషం లోపలే ఉండిపోతుంది. యాంటిబయాటిక్ కూడా రక్త విరేచనాలు, కలరా వంటి వాటికే, అదీ డాక్టరు చెబితేనే. కళ్లు గుంటలు పడడం, ఏడిస్తే కన్నీరు రాకపోవడం, పొట్టమీది చర్మం మడిచి వదిలితే వెంటనే సర్దుకోకపోవడం, ఆరు గంటలుగా మూత్రం రాకపోవడం, మలంలో రక్తం, మగత. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా కషాయం గిన్నె పక్కన పెట్టి బండెక్కాలి. ఎక్కిన తరువాత కూడా దారి పొడవునా ఓఆర్ఎస్ పట్టిస్తూనే ఉండాలి.

జగ్గయ్యపేట ప్రాంతంలో 2024 జూన్‌లో, విజయవాడ న్యూ రాజరాజేశ్వరిపేటలో 2025 సెప్టెంబరులో అతిసారం చెలరేగినప్పుడు జనం ఒక్కసారిగా ఆసుపత్రులకు చేరారు. ఒక వీధిలో రెండు మూడు ఇళ్లలో ఒకే రోజున విరేచనాలు మొదలయితే అది తిండి తేడా కాదు, కుళాయి నీటి తేడా. ఆ సంగతి వెంటనే ఏఎన్ఎంకు, పంచాయతీకి చెప్పడం కూడా వైద్యంలో భాగమే.

దగ్గుకు తేనె, సిరప్పు

జలుబు వారం రోజుల జబ్బు. మందు వేసినా వేయకున్నా అంతే. ఆ వారం రోజులు బాధ తగ్గించడానికి మిరియాల చారు, శొంఠి, తులసి ఆకు, వేడి నీళ్ల పుక్కిలింత బాగానే పనిచేస్తాయి. రాత్రి దగ్గుకు పడుకోబోయే ముందు చెంచాడు తేనె మంచిదని నేటి వైద్యులూ ఒప్పుకుంటున్నారు. ఏడాది నిండని బిడ్డకు మాత్రం తేనె నాకించరాదు. తేనెలో ఉండే ఒక క్రిమి పసివాళ్ల పేగులో విషం పుట్టించి ఒళ్లు చచ్చుబడేలా చేస్తుంది. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె, వస కొమ్ము రాయడం మన ప్రాంతంలో ఇంకా పోలేదు, పోవాలి. ఆరు నెలల దాకా తల్లిపాలకు మించిన ఉగ్గు లేదు.

ఆవిరి పట్టడం తప్పు కాదు గాని, మరిగే గిన్నె ఒళ్లో పెట్టుకుని దుప్పటి కప్పి పిల్లల్ని కూర్చోబెడితే కాళ్లు కాలే ప్రమాదం ఉంది.

దగ్గు సిరప్పుల మాటకు వస్తే 2025 అక్టోబరును మరిచిపోరాదు. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో, తమిళనాడులో తయారైన ఒక సిరప్పు తాగి ఇరవై మందికి పైగా చిన్నపిల్లలు కిడ్నీలు పాడై చనిపోయారు. అందులో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషద్రావకం కలిసి ఉంది. 1986లో బొంబాయి జె.జె. ఆసుపత్రిలో 14 మందిని బలిగొన్నదీ ఇదే విషం. రెండేళ్ల లోపు పిల్లలకు దగ్గు, జలుబు సిరప్పులు వద్దని, అయిదేళ్ల లోపు వారికి మామూలుగా అవసరం లేదని కేంద్ర ఆరోగ్య శాఖ అప్పుడే రాష్ట్రాలకు తెలిపింది. అసలు సిరప్పుతో పసిబిడ్డ దగ్గు తగ్గుతుందన్నదే నిజం కాదు. బిడ్డ ఊపిరి వేగంగా తీస్తున్నదా, పక్కటెముకల కింద గుంట పడుతున్నదా అని చొక్కా ఎత్తి చూడాలి. అలా ఉంటే అది న్యుమోనియా కావచ్చు. తులసి రసానికి లొంగేది కాదు.

తలనొప్పి బాముల్లో ఈ జిల్లాకు ఒక సొంత కథ ఉంది. గుడివాడ దాపున ఎలకుర్రులో 1867లో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలు పెట్టారు. సంగీత సభల్లో ఉచితంగా పంచి జనానికి అలవాటు చేశారని చెబుతారు. ఆ ఆదాయమే 1908లో ఆంధ్రపత్రికకు ఊపిరి పోసింది. ఒక చిన్న పచ్చ సీసా తెలుగువారికి ఒక పత్రికనిచ్చిందన్న మాట! బాములు పై పూతకే గాని, పసిపిల్లల ముక్కు దగ్గర, నోటి దగ్గర రాయరాదు. కర్పూరం లోపలికి పోతే పిల్లలకు మూర్ఛ వస్తుంది. దేవుడి దగ్గర కర్పూరం బిళ్లలు కూడా అందకుండా పెట్టాలి.

జ్వరం తగ్గిన రోజే జాగ్రత్త

జ్వరానికి పారాసిటమాల్ మంచి మందే. పెద్దవాళ్లు 500 మిల్లీగ్రాముల బిళ్ల ఆరు గంటలకొకటి వేసుకోవచ్చు. 650 బిళ్ల కూడా రోజుకు నాలుగుకు మించరాదు. జలుబు బిళ్లలోనూ, ఒళ్లునొప్పుల బిళ్లలోనూ ఇదే మందు కలిసి ఉంటుంది కనుక మూడు రకాలు కొని మూడూ మింగితే కాలేయం మీద పడుతుంది. రోజూ తాగేవాళ్లకు ఆ ప్రమాదం మరింత. పిల్లల సిరప్పుల్లో 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములు ఉండేదీ ఉంది, 250 ఉండేదీ ఉంది. ఒక సీసా అయిపోయి రెండోది తెచ్చినప్పుడు అదే మూతతో పోస్తే మోతాదు రెట్టింపు కావచ్చు. కిలో బరువుకు 15 మిల్లీగ్రాములు హద్దు. అంటే పది కిలోల బిడ్డకు ఒక విడతకు 150 మించరాదు.

సూది వేస్తేనే జ్వరం దిగుతుందన్న నమ్మకం పల్లెల్లో బలంగా ఉంది. వేసేది చాలాసార్లు డైక్లోఫెనాక్ వంటి నొప్పి సూది. డెంగీ కాలంలో అది, ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ మూడూ రక్తస్రావాన్ని పెంచుతాయి. ఒళ్లునొప్పులకు రోజూ ఇవే మింగితే కిడ్నీలు దెబ్బతింటాయి. ఎన్టీఆర్ జిల్లాలోనే ఎ.కొండూరు మండలం తండాల్లో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లను కూల్చిందో తెలిసినదే. అక్కడ తాగునీటి మీద అనుమానాలు వేరే ఉన్నాయి. కిడ్నీ ఇప్పటికే బలహీనపడిన మనిషి నొప్పి బిళ్ల మింగడం గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమే.

డెంగీకి బొప్పాయి ఆకు రసం తాగడం వాడుకలోకి వచ్చింది. ప్లేట్‌లెట్లు కొంత త్వరగా పెరిగినట్టు చిన్న పరీక్షల్లో కనబడింది. తాగితే తాగవచ్చు గాని, అది చాలుననుకోవడమే ప్రమాదం. డెంగీలో గండం జ్వరం మండుతున్నప్పుడు కాదు, మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య జ్వరం దిగిన వేళ. "జ్వరం తగ్గింది, కషాయం పనిచేసింది" అని ఇంట్లో ఊపిరి పీల్చుకునే సమయానికే రక్తనాళాల నుంచి నీరు కారి మనిషి కూలిపోతాడు. ఆ రోజుల్లో కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, చేతులు కాళ్లు చల్లబడడం కనిపిస్తే ఆ రాత్రే ఆసుపత్రికి చేర్చాలి.

వరి చేలల్లో, వరద బురదలో దిగినవారికి వచ్చే ఎలుక జ్వరం, పొలం గట్ల పొదల్లో నల్లి వంటి పురుగు కుట్టి వచ్చే స్క్రబ్ టైఫస్ కూడా గుర్తుంచుకోవలసినవే. 2025 చివరలో రాష్ట్రంలో పలు జిల్లాల్లో స్క్రబ్ టైఫస్ కేసులు బయటపడ్డాయి. ఒంటి మీద, ముఖ్యంగా చంకల్లో, గజ్జల్లో సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు ఉంటే అదే గుర్తు. ఈ రెండింటికీ డాక్సీసైక్లిన్ అనే చవక మందు ఉంది. సకాలంలో పడితే రెండు మూడు రోజుల్లో మనిషి లేచి కూర్చుంటాడు. ఆలస్యమయితే కిడ్నీలు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి.

ఆకు నుంచి బిళ్ల దాకా

డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ల కుటుంబానికి చెందినది. ఆ కుటుంబంలో తొలి మందు ఆరియోమైసిన్ 1948లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాల నుంచి వెలువడింది. అక్కడ పరిశోధనకు పెద్ద మన భీమవరంలో 1895లో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. సుబ్బారావు సోదరులు ఇద్దరు స్ప్రూ అనే అతిసార వ్యాధితో చనిపోయారు. ఆయనకూ అదే జబ్బు పట్టుకుంటే మద్రాసులో ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారని జీవితకథల్లో ఉంది. అమెరికా వెళ్లకముందు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పారు కూడా. తరువాత ఆయన బృందం తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం ఆ స్ప్రూకే మందయింది. డెల్టాను పీడించిన బోదకాలుకు ఏటా ఇంటింటికీ పంచే డీఈసీ బిళ్ల కూడా 1947లో ఆ ప్రయోగశాల నుంచి వచ్చినదే.

ఆకులో మందు లేదని ఎవరూ అనరు. మన దొడ్లో పూసే బిళ్లగన్నేరు నుంచే పిల్లల రక్త కాన్సరుకు విన్‌క్రిస్టిన్ తీశారు. గాయానికి పసుపు పెట్టడం తమ ఆవిష్కరణ అని అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యులు 1995లో పేటెంటు తెచ్చుకుంటే, మన శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథాలు చూపించి 1997లో దాన్ని రద్దు చేయించింది. దుగ్గిరాల యార్డులో బస్తాలెత్తే మనిషికి ఎప్పటి నుంచో తెలిసిన సంగతికి పేటెంటేమిటి!

తేడా అల్లా మోతాదులో ఉంది. బిళ్లలో మందు ఎంతో కొలిచి ఉంటుంది. ఆకులో ఎంత ఉందో ఆ నేల, ఆ కాలం, నూరిన చేయి తేల్చాలి. షుగరుకని బిళ్లగన్నేరు ఆకు నమిలేవారు కాన్సరు మందు నములుతున్నారన్న మాట. కరోనా కాలంలో ఇంటింటా కాచిన తిప్పతీగ కషాయం సంగతి చూడండి. అది తాగిన ఆరుగురిలో కాలేయం దెబ్బతిన్నదని ముంబయి వైద్యులు 2021లో ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ దానిని ఒప్పుకోలేదు. వాదం ఎలా ఉన్నా, కాలేయం జబ్బు ఉన్నవాళ్లు నెలల తరబడి ఏ కషాయమూ తాగకపోవడం తెలివి. అదే ఏడాది మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య మందు కోసం వేల మంది బారులు తీరారు. ప్రభుత్వం కంటి చుక్కలు తప్ప మిగతా వాటికి అనుమతి ఇచ్చింది. వాటితో కరోనా తగ్గుతుందన్న రుజువు మాత్రం లేదు.

సంతల్లో, బస్టాండుల్లో కీళ్లనొప్పులకు అమ్మే పేరులేని పొడులది మరో కథ. మూలికలే అంటూ అందులో స్టెరాయిడు బిళ్లలు నూరి కలిపే ఘనులు ఉన్నారు. రెండు రోజుల్లో నొప్పి మాయం, రెండు నెలల్లో ముఖం ఉబ్బు, షుగరు, పుండు మానకపోవడం. ఆయుర్వేదమే కావాలనుకునేవారికి విజయవాడలో డాక్టర్ నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాల, ఆసుపత్రి ఉన్నాయి. చదువుకున్న వైద్యుడు చూసి, రాసి ఇచ్చే మందు వేరు, సంచిలోంచి తీసి ఇచ్చే పొడి వేరు.

కామెర్ల పసరు

పచ్చకామెర్లకు పసరు పోయించని పల్లె లేదేమో. నీటి ద్వారా వచ్చే హెపటైటిస్ ఎ, ఇ రకాల కామెర్లు నూటికి తొంభై పాళ్లకు పైగా విశ్రాంతితో, తేలిక తిండితో కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. అందుకని పసరుకు పేరు వచ్చింది. అరచేతులకు ముందు ఒక బెరడు రసం పట్టించి, సున్నపు నీళ్లు పోసి కడిగితే పచ్చగా కారేది కామెర్లు కాదు, ఆ రెండూ కలిసిన రంగు. ముక్కులో చేదు బీర రసం పోస్తే కారే పచ్చనీరు లోపలి పొర మండి ఊరినది. మణికట్టుకు వాతలు పెట్టడం ఉత్త పుండు.

నేల ఉసిరి విషయం కొంత వేరు. 1988లో మద్రాసు పరిశోధకులు హెపటైటిస్ బి ఉన్న 37 మందికి నెల రోజులు ఆ పొడి ఇస్తే 22 మందిలో క్రిమి గుర్తు కనబడకుండా పోయిందని లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. ప్రపంచమంతా ఆశ పడింది. తరువాత ఇతర చోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం మళ్లీ రాలేదు. హెపటైటిస్ బికి పుట్టిన రోజునే వేసే టీకా ఉంది, బి, సి రెండింటికీ మంచి బిళ్లలూ ఉన్నాయి. పసరు తాగి ఊరుకుంటే ఏది ఏ రకమో తెలియదు. అసలు చిక్కు అదే. గర్భిణికి చివరి నెలల్లో ఇ రకం కామెర్లు వస్తే ప్రాణాపాయం ఎక్కువ. ఆమెకు పసరు కోసం ఒక్క రోజు కూడా వృథా చేయరాదు. మగత, తికమక మాటలు, రక్తం కక్కడం, పొట్ట ఉబ్బడం ఎవరిలో కనిపించినా అంతే.

డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు తాగిన పసరును దాచిపెట్టడం మన అలవాటు. తిడతారని భయం. తిట్టినా సరే, ఆ పొడి పొట్లం, మింగిన బిళ్లల ఖాళీ అట్ట, రెండూ తీసుకువెళ్లి చూపాలి. బిళ్లల అట్ట మీద ఎర్ర గీత ఉంటే అది చీటీ లేకుండా కొనకూడని మందు. అయిదు రోజులకు రాసిన యాంటిబయాటిక్‌ను రెండో రోజున ఆపి మిగిలినది పక్కింటివారికి ఇవ్వడం కూడా మానవలసిందే.

పాముకాటుకు ఆకు లేదు

వరద నీటితో పాటు పాములూ మెరకకు చేరతాయి. 2018 ఆగస్టులో అవనిగడ్డ ప్రాంతంలో వందకు పైగా మందిని పాములు కరిచినప్పుడు మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరుని ఆలయంలో సర్పశాంతి యాగం చేశారు. దైవానికి మొక్కేవారు మొక్కవచ్చు. కరిచిన మనిషికి మాత్రం విరుగుడు సూది ఒక్కటే మందు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పొడపాము నాలుగింటికీ ఒకే సూది పనిచేస్తుంది. కనుక పామును వెతికి చంపి తీసుకురావలసిన పని లేదు. విషం లేని పాము కరిచినా, విషప్పాము విషం దింపకుండా కరిచినా మనిషి బతుకుతాడు. వేరు నూరి ఇచ్చినవాడికి పేరు వచ్చేది ఇలాగే.

గాటు పెట్టరాదు, నోటితో పీల్చరాదు, తాడుతో బిగించి కట్టరాదు. బిగించిన కాలు కుళ్లిపోతుంది, విప్పగానే విషం ఒక్కసారి పైకి పోతుంది. కాలి మెట్టెలు, గొలుసులు, ఉంగరం తీసివేసి, కరిచిన అవయవానికి కర్ర దన్ను కట్టి కదలకుండా ఉంచి, నడిపించకుండా 108లో ఎక్కించాలి. కట్లపాము రాత్రి నిద్రలో కరుస్తుంది. గాటు కనబడదు, నొప్పీ ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పితో లేచి, కనురెప్పలు వాలిపోతూ, మాట ముద్దగా వస్తుంటే వాము నీళ్లు ఇచ్చి పడుకోబెట్టరాదు. నేల మీద పడుకున్న మనిషయితే ముందు పాముకాటే అనుమానించాలి. కాటు పడిన వేళ, మొదట కనబడిన లక్షణం, అది మొదలైన వేళ ఒక చీటీ మీద రాసి రోగి జేబులో పెట్టి పంపితే ఆసుపత్రిలో డాక్టరుకు పని తేలికవుతుంది.